భోజనాలకు దారి అధ్యక్షులవారి మీదుగా

ఉత్తరం మరీ పొడుగైపోయిందని నలుగురూ మొత్తుకుంటే మామూలు మనిషి దాన్ని కుదిస్తాడు. సంఘం కార్యవర్గం కుదించదు. పైన ఒక విషయసూచిక తగిలిస్తుంది. దాంతో ఉత్తరం ఇంకో పది వరుసలు పెరుగుతుంది. పొడుగుకు మందు వేసేశామన్న ధీమాతో వచ్చే నెల ఇంకో మూడు అంశాలు చేరతాయి.

అమెరికాలో తెలుగువాళ్ళు నాలుగిళ్ళవాళ్ళు పోగైన ఊళ్ళో ఒక తెలుగు సంఘం ఉంటుంది. నాలుగు వందల ఇళ్ళు పోగైతే మూడుంటాయి. ప్రతి సంఘమూ నెలనెలా ఈమెయిల్లో ఒక న్యూస్‌లెటర్ పంపుతుంది. మొదట బ్యానరు. అందులో ఒక పక్క చార్మినారు, ఇంకో పక్క తిరుమల గోపురం, నడుమ స్వేచ్ఛాదేవి. దాని కింద స్పాన్సర్లు: చేతులు కట్టుకుని నిలబడ్డ రియల్టరు, టాక్సు ఫైలింగు వాళ్ళు, వీసా లాయరు, బిర్యానీ హోటలు. ఆ తర్వాత సూటులో అధ్యక్షులవారు, జ్యోతి వెలిగిస్తూ. ఫోటో పక్కన సందేశం. సందేశంలో క్రితం నెల కార్యక్రమం కనీవినీ ఎరుగని రీతిలో విజయవంతమైందని మొదటి పేరా, అందుకు సహకరించినవారి పేర్లు తర్వాతి నాలుగు పేరాలు. పేరు మరిచిపోతే అలిగేవాళ్ళున్నారు గనక ఎవరినీ మరిచిపోరు. ఆపైన క్రికెట్ పోటీల ఫలితాలు, వాలీబాల్ పోటీల ఫలితాలు, రక్తదాన శిబిరం, తెలుగు బడిలో చేరిక, మహిళా విభాగం ముగ్గుల పోటీ, యువజన విభాగం ప్రకటన, పిల్లలు వేసిన బొమ్మలు, ఒక ఆరోగ్య సలహా, ఒక వంటకం, ఒక స్వీయ కవిత.

ఇంతా చేసి చదివేవాడికి కావలసినవి మూడే ముక్కలు. ఉగాదిని ఏ శనివారానికి జరిపారు? ఏ హైస్కూలు ఆడిటోరియంలో? భోజనాలు ఎన్నింటికి? ఈ మూడూ కవిత కింద ఉంటాయి.

కింద ఉంటాయని కార్యవర్గానికీ తెలుసు. సభ్యులు ఫోన్లు చేసి అడుగుతున్నారు. న్యూస్‌లెటర్‌లో ఉంది కదండీ అంటే, ఉందనే తెలుసు, ఎక్కడుందో తెలియట్లేదంటున్నారు. సరే, సమావేశం పెట్టారు. కవిత తీసేద్దామా అన్నారెవరో. కవి కార్యవర్గ సభ్యుడు. సందేశం తగ్గిద్దామా అన్నారు ఇంకొకరు, నెమ్మదిగా, మ్యూట్ తీయకుండా. చివరికి మహత్తరమైన ఆలోచన పుట్టింది. పైన అంశాల పేర్లన్నీ వరుసగా పెట్టి, దేన్ని నొక్కితే ఉత్తరం దాని దగ్గరికి దూకేలా చేద్దాం. ఎవరికి కావలసింది వాళ్ళు నొక్కుకుంటారు. ఎవరి మాటా తీసేయనక్కర్లేదు. కార్యవర్గం చరిత్రలో ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

తీర్మానం తర్వాత రెండు ప్రశ్నలు మిగిలాయి. మొదటిది, విషయసూచికలో వరుస. యువజన విభాగం కన్నా మహిళా విభాగం కింద ఎందుకుండాలి? క్రికెట్ పైనుంటే వాలీబాల్ వాళ్ళు ఊరుకుంటారా? ఈ వరుస మీద తగవొచ్చి సంఘం రెండుగా చీలినా ఆశ్చర్యపోను. అంతకన్నా చిన్న కారణాలకు చీలిన సంఘాలున్నాయి. రెండోది, అసలు విషయసూచిక ఎక్కడ పెట్టాలి? దీనికి మాత్రం చర్చ లేదు. అధ్యక్షులవారి సందేశం తర్వాత పెట్టాలి. సందేశాన్ని దాటించేందుకు కనిపెట్టిన లింకుల దగ్గరికి చేరాలంటే ముందు సందేశాన్ని దాటాలన్నమాట.

ఇక పని. కార్యవర్గంలో ఒక్క డాక్టరుగారు తప్ప తక్కినవాళ్ళంతా సాఫ్ట్‌వేరే. ఒకాయన క్లౌడ్ ఆర్కిటెక్టు. ఒకాయన బ్యాంకు లావాదేవీలు ఆగిపోకుండా రాత్రుళ్ళు మేలుకుంటాడు. ఒకావిడ యంత్రాలకు బుద్ధి నేర్పిస్తుంది. అయినా ఉత్తరంలో ఒక లింకు పెట్టాలనేసరికి అందరి చూపూ కోశాధికారిగారి అబ్బాయి మీద పడింది. వాడు హైస్కూల్లో చదువుతున్నాడు, కాలేజీ దరఖాస్తుకు సేవాగంటలు కావాలి.

"బాబూ, పైన ఉగాది అని నొక్కితే కింద ఉగాది దగ్గరికి పోవాలి. అంతే. ఎంతసేపు పడుతుంది?"

"పెట్టడానికి రెండు నిమిషాలు అంకుల్. పోతుందా లేదా అన్నది, చదివేవాళ్ళు ఏ యాప్‌లో తెరుస్తారో దాన్నిబట్టి ఉంటుంది."

"అబ్బే, అవన్నీ పెట్టుకోకు. అందరికీ పనిచేసేలా చేసెయ్."

ఈమెయిల్ తయారుచేసేవాళ్ళకు నిద్ర పట్టనివ్వని మాట ఏదన్నా ఉంటే అది ఈ ఆఖరి మాటే.

నిజానికి ఈ లింకు కొత్త సరుకేమీ కాదు. టిమ్ బెర్నర్స్-లీ 1991లో హెచ్‌టీఎంఎల్ ట్యాగుల గురించి మొట్టమొదట రాసిన పత్రంలోనే ఉంది. యాంకర్ అన్నాడు దాన్ని. దానికి రెండు ముక్కలు. పైనున్న మాటకు హ్యాష్ గుర్తు పెట్టి ఒక పేరు రాయాలి. కిందనున్న శీర్షికకు అదే పేరును గుర్తుగా కట్టాలి. పైది కిందదాన్ని పేరుపెట్టి పిలుస్తుంది. కిందది పలుకుతుంది, పేజీ కదులుతుంది. ఇంతకుమించి ఇందులో శాస్త్రం లేదు.

కానీ మన సంఘంలో పైన లింకులు ఒకరు రాస్తారు, కింద శీర్షికలు ఎవరి విభాగం వాళ్ళు రాసి పంపుతారు. పైనాయన ఉగాదిని ఇంగ్లీషు 'యూ'తో మొదలుపెడతాడు. కిందావిడ 'వై'తో మొదలుపెట్టి యుగాది చేస్తుంది. ఇంకొకాయనకు దీర్ఘం సరిగా పలకాలని పట్టింపు, నడుమ రెండు 'ఏ'లు వేస్తాడు. ఒకరు పెద్దక్షరంతో మొదలుపెడతారు, ఒకరు చిన్నక్షరంతో. కంప్యూటరుకు ఇవన్నీ వేర్వేరు పండుగలు. దానికి తెలిసిన న్యాయం ఒక్కటే, అక్షరం అక్షరం కలవాలి. పైన పది లింకులున్నా కింద ఆ పేరున్నది ఒక్కటీ ఉండదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ గొడవ చూసి భాషాభిమాని ఒకాయన లేచాడు. తెలుగు సంఘం న్యూస్‌లెటర్‌లో ఇంగ్లీషు గుర్తులేమిటి, ఆ పేర్లు తెలుగులోనే పెట్టండని. వినడానికి గుండె ఉప్పొంగే మాట. ఉగాది అన్నదానికి యూనికోడ్‌లో అయిదు సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది, అంటే 15. దాన్ని లింకు చిరునామాలో పర్సెంటు గుర్తుల భాషలోకి మారిస్తే 45 అక్షరాలు. బ్రౌజరు దీన్ని ఓర్చుకుంటుంది. దారిలో ఉత్తరాన్ని ముట్టుకునే ప్రతి సాఫ్ట్‌వేరూ ఓర్చుకుంటుందన్న పూచీ ఎవరూ ఇవ్వరు. పైగా ఆ పేరు చదివేవాడికి కనపడదు. కనపడని చోట భాషాభిమానం చూపించి, కనపడే చోట 'ప్రౌడ్లీ ప్రెజెంట్స్' అని రాయడం మనకు అలవాటే.

అక్షరాలు కలిశాయనే అనుకుందాం. ఉత్తరం బయలుదేరింది. ఇక్కణ్ణుంచి అసలు తమాషా.

వెబ్ పేజీలో లింకు పెట్టినవాడికి ఆ పేజీ మీద హక్కుంటుంది. ఉత్తరంలో పెట్టినవాడికి ఏ హక్కూ ఉండదు. బ్రౌజర్లో జీమెయిల్ తెరిచినప్పుడు మన ఉత్తరం గూగుల్‌వాళ్ళ పేజీలో ఒక మూల అద్దెకుంటుంది. ఆ పేజీ చిరునామాలో హ్యాష్ గుర్తు పక్కన ఇన్‌బాక్స్ అని ముందే రాసి ఉంటుంది చూడండి. మన హ్యాష్ వెళ్ళేసరికే ఆ కుర్చీలో ఒకరు కూర్చుని ఉన్నారు. అందుకని వెబ్‌మెయిల్ సాఫ్ట్‌వేర్లు మనం పెట్టిన పేర్లను తమ పేర్లతో కలవకుండా మార్చేస్తాయి. బ్రౌజర్లో తెరిచే అవుట్‌లుక్ మన గుర్తు ముందు 'ఎక్స్ అండర్‌స్కోర్' అని ఇంటిపేరు తగిలిస్తుంది. లింకుకూ అదే ఇంటిపేరు పెడితే ఇద్దరూ కలుస్తారు. లింకును మరిచిపోతే పైవాడు పాత పేరుతో పిలుస్తూనే ఉంటాడు, కిందవాడు పలకడు. ఇలా మార్చడం వెనక భద్రత అనే న్యాయమైన కారణం ఉంది. భోజనాల వేళ తెలియనివాడికి ఆ న్యాయం అర్థం కావడం కష్టం.

కంప్యూటర్లో పెట్టుకునే పాత తరహా అవుట్‌లుక్ కథ ఇంకా గమ్మత్తు. 2007 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్‌వాళ్ళు ఉత్తరాన్ని చూపించే పనిని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు నుంచి తీసి, టైపు చేసుకునే వర్డ్‌కు అప్పగించారు. ప్రపంచంలోని ఈమెయిల్ డిజైనర్లందరూ నెత్తీనోరూ కొట్టుకున్నారు. 2009లో ట్విటర్‌లో వేలమంది కలిసి, దీన్ని బాగుచెయ్యండి మహాప్రభో అని ఉద్యమం చేశారు. ఉత్తరం రాసుకోవడానికి వర్డ్‌ను మించింది లేదని కంపెనీ జవాబిచ్చింది. 2010 వెర్షనూ వర్డ్‌తోనే వచ్చింది. బ్యాక్‌గ్రౌండు బొమ్మలు రావు, ఖాళీలు కుదరవు, డబ్బాలు డబ్బాల్లా ఉండవు. అయితే ఇన్ని తిట్లు తిన్న ఆ వర్డ్‌కు బుక్‌మార్కు అంటే ఏమిటో మాత్రం బాగా తెలుసు. పాత పద్ధతిలో 'నేమ్' అని గుర్తు పెడితే ఉత్తరంలో దూకడమన్న ఈ ఒక్క పని అది చాలావరకు చేసిపెడుతుంది. కొత్త హెచ్‌టీఎంఎల్ కాలం చెల్లిందని పక్కనపెట్టిన 'నేమ్‌'నూ, వాడమని చెప్పిన 'ఐడీ'నీ రెండూ పెట్టుకునే జాగ్రత్త అందుకే. కొత్త చట్టానికొకటి, పాత కరణానికొకటి.

ఇక ఫోను. మన సభ్యుల్లో అధికభాగం న్యూస్‌లెటర్‌ను చూసేది అందులోనే. కంప్యూటర్లో చక్కగా దూకిన లింకు ఫోను యాప్‌లో ఉన్నచోటే ఉండొచ్చు, కొన్ని యాప్‌లలో ఉత్తరాన్ని వదిలేసి బ్రౌజరు తెరిచి ఖాళీ పేజీ చూపించవచ్చు. చదివేవాడు తన వేలు సరిగా తగల్లేదనుకుని మళ్ళీ నొక్కుతాడు. మళ్ళీ నొక్కుతాడు. మూడోసారికి, పనిచేయని లింకు పెట్టినవాణ్ణి వదిలేసి, కళ్ళజోడు మార్చుకోవాలేమోనని అనుమానపడతాడు. మన పెద్దవాళ్ళు ఇలా తమనే తప్పుపట్టుకుంటారు గనకే ఇన్నేళ్ళుగా కార్యవర్గాల దాకా ఫిర్యాదు రాలేదు.

జీమెయిల్ గండం ఒకటుంది, తెలుగులో రాసేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవలసింది. ఉత్తరం తాలూకు హెచ్‌టీఎంఎల్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ అక్కడితో తెంపేసి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కమని చిన్న అక్షరాల్లో ఒక మాట పెడుతుంది. బొమ్మల బరువు ఇందులోకి రాదు. రాతా, దాని చుట్టూ ఉన్న ట్యాగులూ, చాంతాడంత ట్రాకింగు లింకులూ వస్తాయి. ఇంగ్లీషువాడికి అక్షరానికి ఒక బైటు, మనకు సంకేతానికి మూడు. గుణింతం పెడితే అదొక మూడు. ఒత్తిస్తే దాని వెనక ఆరు. అంటే ఇంగ్లీషు సంఘం మూడు పేజీలు వాగే చోట తెలుగు సంఘం ఒక పేజీయే వాగాలి. ఈ లెక్క మన అధ్యక్షులవారికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, 'విజయవంతంగా దిగ్విజయం చేసిన' అనే చోట 'జయప్రదంగా' అని సరిపెట్టుకునే మనిషి కాదు. కనక కత్తి సరిగ్గా ఎక్కడ పడుతుందంటే స్వీయ కవిత మధ్యలో. పైన విషయసూచికలో 'ఉగాది భోజనాలు' అని నీలిరంగులో గీత గీసి మరీ ఉంది. భోజనాలు మాత్రం తెగిపోయిన ముక్కలో ఉన్నాయి. చందా రద్దు చేసుకునే లింకూ అక్కడే ఉంది. తిండీ లేదు, విముక్తీ లేదు.

ఈ తిప్పలన్నీ సరైన పద్ధతిలో చేసేవాళ్ళకు. కార్యదర్శిగారి పద్ధతి వేరు. ఆయన న్యూస్‌లెటర్ మొత్తం వర్డ్‌లో కొట్టి, అందులోనే ఆటోమేటిక్ విషయసూచిక వేయించి, కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ, కంట్రోల్ వీ కొట్టి పంపేస్తారు. ఆయన లాప్‌టాప్‌లో అద్భుతంగా పనిచేస్తుంది. ఎందుకు చేయదు? ఒక్కోసారి ఆ లింకు పోయేది ఆయన లాప్‌టాప్‌లోకే. సీ డ్రైవు, యూజర్స్, ఆయన పేరు, డౌన్‌లోడ్స్, న్యూస్‌లెటర్ ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్. ఉగాది ఎప్పుడో తెలుసుకుందామని నొక్కిన అమాయకుడికి కార్యదర్శిగారి ఫోల్డర్ల వంశవృక్షం దర్శనమవుతుంది. యాపిల్ మెయిల్లో తయారుచేసిన పుణ్యాత్ముల లింకులకు 'యాపిల్‌వెబ్‌డేటా' అని మొదలయ్యే చిరునామా వస్తుంది. అది భూమ్మీద ఎక్కడికీ పోదు. కనీసం ఎవరి ఫోల్డర్లూ బయటపెట్టదు.

అనుభవజ్ఞులైన సంఘాలు ఈ బాధలన్నీ ఒక్క దెబ్బతో వదిలించుకున్నాయి. న్యూస్‌లెటర్ మొత్తాన్ని ఒకే ఒక పొడవాటి బొమ్మగా చేసి పంపిస్తాయి. దీనికి మన దగ్గర చారిత్రక కారణముంది. ఇండియాలో డీటీపీ చేసే తమ్ముడు అను ఫాంట్లలో కొడతాడు. అను అక్షరాలు యూనికోడ్ కావు. వాటిని తీసుకొచ్చి ఉత్తరంలో పోస్తే తెలుగు పోయి కీబోర్డు మీది చిహ్నాలన్నీ వరదలా వస్తాయి. కనక పేజీని బొమ్మగా మార్చి వాట్సాప్‌లో పంపిస్తాడు. వాట్సాప్ దాన్ని ఇంకాస్త నలిపిపెడుతుంది. దాన్నే ఈమెయిల్లో అతికిస్తారు. ఆ బొమ్మలోనూ విషయసూచిక ఉంటుంది. నీలిరంగులో, కింద గీతతో! లింకు బొమ్మ అన్నమాట. నొక్కితే బొమ్మ పెద్దదవుతుంది, అందులో అధ్యక్షులవారూ పెద్దవారవుతారు. బొమ్మలు ఆపేసుకున్న వాళ్ళకు ఒక ఖాళీ డబ్బా, పక్కన 'ఐఎంజీ వాట్సాప్' అనే పేరు, ఒక పొడుగాటి అంకె కనపడతాయి. ఇక చూపు లేనివాళ్ళకు చదివిపెట్టే సాఫ్ట్‌వేరుకు పట్టే గతి అడక్కండి. అది శీర్షికలను పట్టుకుని, లింకుల జాబితాను పట్టుకుని మనిషిని నడిపిస్తుంది. నిజంగా ఈ లింకులు అవసరమైనవాళ్ళు వాళ్ళే. వాళ్ళకు సంఘం వినిపించేది బొమ్మ పేరు, లేదా వరుసగా పదిసార్లు 'ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి'.

ఇంత చేశాక, 'పైకి' అనే లింకు సంగతి చెప్పకపోతే పాపం. ప్రతి అంశం చివరా అది ఉండాలని అధ్యక్షులవారు స్వయంగా సూచించారు, పాఠకుల సౌకర్యం కోసం. రక్తదానం చదివి 'పైకి' నొక్కితే ఎక్కడికి పోతాం? పైకి. పైన ఎవరున్నారు? జ్యోతి వెలిగిస్తూ సూటులో వారున్నారు. ముగ్గుల పోటీ చదివాక మళ్ళీ వారే. 

లెక్కల సంగతికొస్తే, వార్షిక సమావేశంలో ఒక స్లైడు పడుతుంది. మన న్యూస్‌లెటర్‌ను సగానికి పైగా సభ్యులు తెరుస్తున్నారని. చప్పట్లు. 2021లో ఐఫోనుకు ఐఓఎస్ 15 వచ్చినప్పటినుంచి, అందులోని మెయిల్ గోప్యత ఏర్పాటు పెట్టుకున్నవాళ్ళకు ఉత్తరంలోని బొమ్మలను యాపిల్ ముందుగానే తెచ్చి పెడుతుంది, మనిషి తెరిచినా తెరవకపోయినా. తెరిచినట్టు లెక్క రాసేది ఆ బొమ్మల్లో దాక్కున్న కనపడని బొమ్మ ఒకటి. అంటే చప్పట్లలో సగం యాపిల్ సర్వర్లకు. తర్వాత అధ్యక్షులవారు అడుగుతారు: విషయసూచికలో నా సందేశాన్ని ఎంతమంది నొక్కారు? తెలియదండీ. ఉత్తరంలోపలే దూకే లింకు ఏ సర్వరుకూ కబురు చెప్పదు, కనక అది ట్రాకింగు లెక్కకు ఎక్కదు. సాంకేతిక లోకంలో దయ అనేది ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది.

ఇంకొక ముక్క, బావగార్ల కోసం. సంఘంలో లేని బావమరిదికి న్యూస్‌లెటర్‌ను ఫార్వర్డ్ చేస్తారు. దారిలో లింకుల గుర్తులు రాలిపోతాయి, సరే. చిట్టచివర చందా రద్దు లింకు మాత్రం బావగారి పేరుతోనే భద్రంగా వెళుతుంది. ఈ గోల నాకెందుకని బావమరిది దాన్ని నొక్కితే జాబితాలోంచి పోయేది బావగారు. వచ్చే ఏడాది ఉగాదికి పిలుపు రాలేదని బావగారు సంఘం మీద అలుగుతారు.

ఇదంతా ప్రవాసాంధ్రుల ప్రత్యేకత అనుకోకండి. హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో అద్దాల మేడల్లో హెచ్ఆర్‌వాళ్ళు శుక్రవారం సాయంత్రం పంపే న్యూస్‌లెటర్లు వీటి తోబుట్టువులే. అక్కడ జ్యోతి వెలిగించేది వైస్ ప్రెసిడెంటు, అడుగున పడేది సెలవుల జాబితా. 1924లో మొదలైన భారతి మాసపత్రిక విషయసూచికలో ఒక వ్యాసం ఎదురుగా పుట సంఖ్య వేస్తే, ఆ పుటకు పోతే ఆ వ్యాసం అక్కడుండేది. వందేళ్ళ తర్వాత మనం సాధించిన ప్రగతి ఏమిటంటే విషయసూచిక ఉంటుంది, పుట ఉంటుంది, నడుమ దారే ఉండదు.

సాంకేతికం కష్టం గనక ఇలా జరుగుతోందని కార్యవర్గం అంటుంది. పిల్లాడు కూడా అదే అన్నాడు కదా అంటుంది. పిల్లాడు ఇంకోటి కూడా అన్నాడు, అది మినిట్స్‌లోకి ఎక్కలేదు. "అంకుల్, మెయిల్లో అన్నీ ఎందుకు? ప్రతిదానికీ రెండు లైన్లు రాసి, మిగతాది మన వెబ్‌సైట్లో పెట్టి అక్కడికి లింకిద్దాం." వెబ్‌సైట్లో పెడితే ఎవరు చూస్తారు బాబూ అన్నారట.

ఎవరు చూస్తారా? అదే ఉత్తరంలో నారింజరంగులో 'సభ్యత్వ రుసుము చెల్లించండి' అని ఒక బటనుంది, చూడండి. అది అవుట్‌లుక్‌లో పనిచేస్తుంది. జీమెయిల్లో పనిచేస్తుంది. ఐఫోనులో, ఆండ్రాయిడులో, అత్తగారి పాత టాబ్లెట్‌లో పనిచేస్తుంది. జీమెయిల్ కత్తికి దొరక్కుండా చాలా పైన ఉంటుంది. ఫార్వర్డ్ చేసినా చెడదు. ఎందుకంటే అది ఉత్తరంలోపల దూకాలని చూడదు, బయట ఒక పేజీకి పోతుంది, అంతే. పైగా దాన్ని పంపే ముందు కోశాధికారిగారు నాలుగు ఫోన్లలో నొక్కి చూస్తారు. ఆ పేజీకి జనం పోరన్న అనుమానం ఏనాడూ ఎవరికీ రాలేదు. కనక ఇది చేతకానితనం కాదు. ఏది చేరాలో అది చేరుతోంది.

కార్యవర్గానికి ఒక విన్నపం. పండుగ ఎప్పుడు, ఎక్కడ, భోజనాలు ఎన్నింటికి అన్న మూడు వాక్యాలు బ్యానరు కింద, అందరికన్నా ముందు రాయండి. తక్కినవాటికి ఒక్కోదానికి రెండు వాక్యాలు, ఒక బయటి లింకు. సందేశానికి కూడా. లోపల దూకే లింకులు పెట్టి తీరాలంటే నాలుగైదు మించకుండా, ఇంగ్లీషు చిన్నక్షరాల పేర్లతో, 'ఐడీ', 'నేమ్' రెండూ కట్టి పెట్టండి, అవి కదలకపోయినా నష్టంలేనంత పొట్టిగా ఉత్తరం రాయండి. పంపే ముందు, రుసుము బటను నొక్కి చూసిన ఆ నాలుగు ఫోన్లలోనే భోజనాల లింకు కూడా ఒకసారి నొక్కి చూడండి.